మూసారాము సమాధి

బొబ్బిలి కథ నెఱుగని పిల్లవాడు మన మాడుగుల ప్రాంతమున లేడు. పుస్తకమున చదువకపోయినను జంగము కథకుని నోటనో, ఇంటి ముసలమ్మ నోటనో వినియే యుండును. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీ, కాలిన కోట, తాండ్ర పాపారాయుడు, గోడలు కూల్చిన ఫిరంగులు, ఆ ఫిరంగుల వెనుక బుస్సీ దొర. పాఠము చెప్పునప్పుడు ఆ దొర పేరు వచ్చిన తోడనే వెనుక బల్ల మీది బాలురు సయితము పళ్ళు కొఱుకుట నేను ప్రతి సంవత్సరము చూచుచున్నాను.

నే నిప్పుడు వ్రాయబూనినది బుస్సీని గూర్చి కాదు. ఆయన చివరి దినములలో ఆయనకు అంగరక్షక సేనానిగా కొలువు చేసిన మఱియొక ఫ్రెంచివానిని గూర్చి. ఆతని సమాధి హైదరాబాదున కలదు. ఆ సమాధికి హిందువులు దీపములు పెట్టిరి, మహమ్మదీయులు సాంబ్రాణి పొగ వేసిరి. ఒకే దేశమున పుట్టి, ఒకే జెండా క్రింద నిలిచిన యిద్దరిలో ఒకరిని మనవారు నేటికిని తిట్టుచుండగా, రెండవవాని కింతటి గౌరవ మెట్లు కలిగెనన్న సంశయము నన్ను చాల దినములు వదలలేదు.

నిరుటి వేసవి సెలవులలో మా మేనల్లుని వివాహము సికింద్రాబాదున జరిగెను. మాడుగుల నుండి పోవువాడు హల్వా పొట్లము లేక బంధువుల గడప తొక్కరాదు గదా! నాలుగు పొట్లములు సంచిలో వేసికొని పోయితిని. పెండ్లి ముగిసిన మఱునాడు చిన్న మేనల్లునితో మెట్రో రైలులో దిల్‌సుఖ్‌నగరు వైపు పోవుచుండగా ఒక స్టేషనున 'మూసారాంబాగ్' అన్న బోర్డు కనబడెను. ఆ పేరున కర్థమేమని అడిగితిని. మూసా యను సాయెబు తోట యేమో మామయ్యా, అని వాడు చెప్పెను. పుట్టి పెరిగిన ఊరు; ప్రతిదినము ఆ స్టేషను మీదుగనే కళాశాలకు పోవును. వానిని తప్పుపట్ట నక్కఱలేదు. మన ఊరి పేర్లకు అర్థము మనలో నెందఱు చెప్పగలరు?

ఆ మూసా సాయెబు కాడు. ఫ్రెంచివారు గౌరవముగా 'అయ్యా' అనుటకు 'మొస్యూ' అందురు. 'మొస్యూ రేమోన్' అన్నది సామాన్యుల నోటబడి 'మూసారేమూ' అయ్యెను. మహమ్మదీయుల చెవికి అది 'మూసా రహీము' అని వినబడెను. హిందువుల చెవికి 'మూసా రాము' అని వినబడెను. ఎవరికి తెలిసిన దేవుని పేరు వారు చేర్చుకొనిరి. భాషాశాస్త్రమున లోకనిరుక్తికి ఉదాహరణము కావలసినప్పుడు నే నిప్పుడు ఈ మాటనే చెప్పుచున్నాను.

ఆ సాయంకాలమే మేమిరువురమును ఆస్మాన్‌గఢ్ గుట్ట మీదికి పోయితిమి. ఒకప్పుడు అది ఊరికి దూరముగా నున్న రాతి గుట్ట. ఇప్పుడు ఇండ్లు గుట్ట నడుము వఱకు ఎక్కివచ్చినవి. సందులలో స్కూటర్లు, మేడల మీద నీళ్ళ తొట్లు, ఆరవేసిన బట్టలు. త్రోవ యడుగగా కొందఱికి తెలియలేదు. ఒక ముదుసలి మాత్రము చేయి చాచి చూపెను. పైకి చేరినంతనే గాలి మాఱెను. విశాలమైన అరుగు, దాని మీద నల్లరాతి స్తంభము, సుమారు 23 అడుగుల ఎత్తు, పైకి పోను పోను సన్నబడినది. ఐగుప్తు దేశపు స్తంభముల బొమ్మలను మీరు పుస్తకములలో చూచి యుందురు, ఆ తీరున నుండును. పొడవైన చరిత్ర గాని ప్రశంసా వాక్యములు గాని నాకు కనబడలేదు. రోమను లిపిలో రెండక్షరములు మాత్రము చెక్కబడి యున్నవి: జె, ఆర్. జోయాకిం రేమోన్ అని దాని యర్థము. ప్రక్కనే గ్రీకు దేవళముల వరుసను పోలిన 28 స్తంభముల మంటపము కలదు. అది 2001లో వానలకు కూలిపోగా తరువాత మఱల నిలిపిరి. క్రొత్త పని యని కొంచెము పరికించి చూచినచో తెలియును. అయినను నిలిపినందుకు సంతోషింపవలసినదే.

ఇక ఆ రెండక్షరముల వాని కథ. ఆతని పూర్తి పేరు మిషెల్ జోయాకిం మరీ రేమోన్. 1755లో దక్షిణ ఫ్రాన్సున ఒక వర్తకుని యింట పుట్టెను. ఇరువది యేండ్ల వయస్సున, 1775లో, సరకులతో పుదుచ్చేరికి వచ్చెను. వర్తకము అచ్చిరాలేదు, కత్తి పట్టెను. మైసూరు హైదరాలీ కొలువులోని ఫ్రెంచి దళమున కొన్నాళ్ళు పనిచేసి, 1783లో బుస్సీ రెండవమారు మన దేశమునకు వచ్చినప్పుడు ఆయనయొద్ద కెప్టెనుగా కుదిరెను. బొబ్బిలి నాటి బుస్సీ కాడు ఆయన అప్పటికి. వృద్ధుడు, కీళ్ళవ్యాధితో మంచము పట్టినవాడు. 1785 జనవరిలో పుదుచ్చేరిలోనే కన్నుమూసెను. గురువు పోయిన తరువాత శిష్యుడు హైదరాబాదు చేరి నిజాము ఆలీఖాను కొలువున ప్రవేశించెను.

ఇక్కడ ఒక మాట. ఈ నిజాము ఆలీఖాను మనకు తెలియనివాడు కాడు. మాడుగుల కొండలతో కూడిన చికాకోలు సర్కారును మొదట బుస్సీకి 1753లో ఇచ్చినది ఈయన అన్న సలాబతుజంగు. 1766లో ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ఒడంబడిక వ్రాసి యిచ్చినది ఈయనే. మన తాతముత్తాతలు ఎవరికి పన్ను కట్టవలెనో నిర్ణయించిన చేవ్రాలు ఈయనది. కావున రేమోన్ కథ హైదరాబాదువారి కథ యని మనము ప్రక్కకు నెట్టుటకు వీలులేదు.

ఆతడు మొదట పోగుచేసిన దండు మూడువందల మంది. తుపాకులు కొనుటకు ధనము లేక, నెలకు ఒక్కొక్క తుపాకికి ఎనిమిదణాల చొప్పున అద్దెకు తెచ్చెనని ఆనాటి ఇంగ్లీషువారే వ్రాసిరి. అద్దె తుపాకులతో మొదలైన ఆ దండు పదేండ్లలో పదివేలు దాటి, తుదకు 14,000, 15,000 వఱకు పెరిగెను. హైదరాబాదులో నేటికిని 'గన్‌ఫౌండ్రీ' అను పేట కలదు. ఆతడు ఫిరంగులు పోతపోయించిన తావది. సైన్యపు జీతములకై మెదకు ప్రాంతపు ఆదాయము నాతని కొప్పగించిరి. జీతము నెలనెల అందిన సైన్యము ఆ దినములలో అరుదు. సిపాయీ విశ్వాసము ఎక్కడ పుట్టునో ఆ వర్తకుని కొడుకునకు బాగుగ తెలిసి యుండవలెను.

ఆతనికి 'అజ్దరేజంగు' అనియు 'ముతహవ్వరుల్ ముల్కు' అనియు నిజాము బిరుదము లిచ్చెను. యుద్ధమున మహాసర్ప మని మొదటిదానికి, రాజ్యమున మిక్కిలి ధీరు డని రెండవదానికి అర్థము. దర్బారు బిరుదములు ఎంత చవుకయో మనమెఱుగనిది కాదు. ఒక ఫర్మానా వ్రాయించుటకు కలము, సిరా చాలును. అందుచేత ఆతని శౌర్యమును బిరుదములలో గాక యుద్ధభూమిలోనే వెదకితిని.

ఆ భూమి ఖర్దా. ఇప్పటి మహారాష్ట్రమున అహమదునగరు ప్రాంతమున నున్నది. 1795 మార్చి 11వ తేదీన నిజాము సేనలు, మరాఠా సేనలు అక్కడ తలపడినవి. ఇరుప్రక్కలను లక్షకు మించిన జనము. చౌతు బాకీ విషయమై తగవు. నిజాము ఇంగ్లీషువారి సహాయము కోరెను. గవర్నరు జనరలు సర్ జాన్ షోరు తాము తటస్థుల మనెను. హైదరాబాదున నుండిన రెండు ఇంగ్లీషు పటాలములు పోరుకు రాలేదు. నిజాముతో పాటు ఆయన రాణివాసము ఏనుగులపై వచ్చెను. ఆ రాణివాసమునకు కావలిగా ఎఱ్ఱకోటులు తొడిగి తుపాకులు పట్టిన ఆడ సిపాయీల దండు కూడ వచ్చెను. చదువుకొనుచున్న మన బాలికలు ఈ మాట గుర్తుంచుకొనవలెనని ప్రత్యేకముగా వ్రాయుచున్నాను.

మొదట నిజాము పఠాను రౌతులు ముందుకు దూకిరి. కొంత జయము కూడ కలిగెను. అంతలో మరాఠాల ఫిరంగులు పలికినవి. రౌతులు చెట్టు కొకడు పుట్ట కొకడుగా చెదరిరి. రేమోన్ పటాలములు మాత్రము కదలలేదు. వారి యెదుట నిలిచినవాడు పెరోన్. సింధియా కొలువున నున్న మఱియొక ఫ్రెంచివాడు. ఒక ఫ్రెంచివాడు మరాఠాల ఉప్పు తిని, ఇంకొక ఫ్రెంచివాడు నిజాము ఉప్పు తిని, రెండు ప్రక్కలను మన దేశపు సిపాయీలను నిలిపి పరస్పరము ఫిరంగులు కాల్చుకొనిరి. ఈ విచిత్రమునకు నవ్వవలెనో ఏడ్వవలెనో నాకు తెలియదు.

రేమోన్ దండు గుండ్లవర్షమున నిలిచి, బారు తప్పక, మాఱు కాల్పులు జరుపుచుండగా నిజాముకడ నుండి వెనుకకు మరలుమని ఆజ్ఞ వచ్చెను. రాణివాసము భయపడినదనియు, ముఖ్యురాలగు బేగము వెనుకకు పోవలసినదే యని పట్టుపట్టినదనియు చరిత్రకారులు వ్రాసిరి. స్త్రీ మీదికి నెట్టుట సుళువు. ఏనుగు నెక్కి ఆజ్ఞ యిచ్చినవాడు నిజాముగదా! ఎట్లైన నేమి, ఆజ్ఞ వచ్చెను. గెలువగల తావును విడిచి రమ్మనుట సేనానికి ఎంత దుర్భరమో ఊహింపుడు. రేమోన్ ఎదురాడలేదు, పరుగెత్తనులేదు. తన పటాలములను క్రమము చెడకుండ వెనుకకు నడిపించి రాత్రికి ఒక తావున నిలిపెను. ఆ చీకటిలో ఎక్కడనో ఒక తుపాకి ప్రేలగా తక్కిన సైన్యమంతయు బెదరి, తమ సామానులను తామే దోచుకొనుచు దిక్కులకు పాఱిపోయిరి. తెల్లవాఱునప్పటికి నిజాము చుట్టును మిగిలినది మహాసైన్యములో పదియవ వంతని చెప్పుదురు. మరలుమన్నప్పుడు మరలి, నిలువుమన్న చోట నిలిచినవారిలో అద్దె తుపాకులతో మొదలైన ఆ దండు ముఖ్యమైనది.

తరువాతి కథ సంగ్రహముగ చెప్పెదను. నిజాము ఖర్దా గ్రామపు చిన్న కోటలో చిక్కెను. త్రాగునీరు కఱవై మూడు వారములు బాధపడి సంధి చేసికొనెను. మూడు కోట్ల రూపాయలు, దౌలతాబాదు కోట మొదలగు భూములు మరాఠాలకు పోయినవి. ప్రధానమంత్రి పూనాకు తాకట్టుగా పోయెను. ఆ కోపముతో నిజాము ఇంగ్లీషు పటాలములను పంపివేసి రేమోన్ దండును పెంచెను. ఆ యేడాదియే నిజాము కుమారుడు ఆలీజా తిరుగబడగా రేమోన్ పోయి పట్టుకొనివచ్చెను. రాకుమారుడు త్రోవలోనే విషము పుచ్చుకొని మరణించెనని చెప్పుదురు. ఆ సిపాయీల కోటు గుండీల మీద ఫ్రెంచి విప్లవపు స్వాతంత్ర్య టోపీ బొమ్మ యుండెనట. నవాబుగారి కొలువు, స్వాతంత్ర్యపు గుండీలు!

1798 మార్చి 25వ తేదీన రేమోన్ అకస్మాత్తుగా మరణించెను. నలువదిమూడేండ్లు నిండలేదు. విషప్రయోగ మని పుకారు పుట్టెను. ఆతని తల తోడని రాకుమారుడు సికందరుజా ఒట్టు పెట్టుకొనెడివాడట; దర్బారులోని ఆప్యాయతకు అది గుర్తు. కాని గుట్ట మీద దీపము పెట్టినది దర్బారు మాత్రమే కాదు. ప్రతి సంవత్సరము ఆ తేదీన ఉరుసు జరిగెడిది. దీపము, సాంబ్రాణి, మిఠాయి పంపకము. ఇరువదవ శతాబ్దమున కూడ చాలకాలము జరిగినదని పెద్దలు చెప్పుదురు. క్రైస్తవుని సమాధి, మహమ్మదీయ పద్ధతి ఉరుసు, హిందువులు పెట్టిన పేరు. మన పాఠశాల ముంగిట క్రిస్మసు నాడు ఊరివారందఱు గుమిగూడుటను చూచి పెరిగినవాడను కాబట్టి ఇది నాకు వింతగా తోచలేదు.

తిరిగివచ్చిన తరువాత ఈ కథను పదవ తరగతిలో చెప్పితిని. అంతయు విని, ఒక బాలుడు లేచి నన్ను నిలవేసెను. "మాస్టారూ, డబ్బు కొఱకు యుద్ధము చేసినవాడు వీరుడెట్లగును? పాపారాయుడు జీతము తీసికొన్నాడా?" అని వాని ప్రశ్న. తరగతి నిశ్శబ్దమయ్యెను. వాని తండ్రి సైన్యమున పనిచేయుచున్నాడని నేనెఱుగుదును. ఆ సంగతి వానికే ఆ క్షణమున తోచలేదు. మఱియొక బాలుడు మెల్లగా చొక్కా లాగి గుర్తుచేయగా వాడు తల వంచుకొనెను. అయినను నేను ఆ ప్రశ్నను కొట్టివేయలేదు. అది మంచి ప్రశ్న.

నాకు తోచినది వారితో చెప్పితిని. సువార్తలో ప్రభువు మెచ్చుకొన్న శతాధిపతి పరరాజ్యపు జీతగాడే. జీతము తీసికొనుట దోషము కాదు. జీతమునకు మించి ఏమి చేసెనన్నది చూడవలెను. పాపారాయుడు తన యింటి కొఱకు ప్రాణ మిచ్చెను. ఆ యెత్తుకు రేమోన్ చేరడు, చేర్చుటకు నేను ప్రయత్నింపను. రేమోన్ స్వదేశపు లాభమును కూడ మనసున పెట్టుకొని యుండవచ్చును. ఆనాటి ఇంగ్లీషువారికి ఆ భయమే పట్టుకొన్నది. కాని ఖర్దాలో ఆ రాత్రి ఆతనిని పట్టి నిలిపినది జీతము కాదు. జీతము తీసికొన్నవారు ఆ మైదానమున వేలకొలది యుండిరి, వారు పాఱిపోయిరి. బుస్సీ మన కోట మీదికి వచ్చినవాడు. రేమోన్ తాను ఉన్న యింటిని విడువనివాడు. సామాన్యులు ఫ్రాన్సు నెఱుగరు, విప్లవము నెఱుగరు. ఈ తేడా మాత్రము వారికి తెలిసెను. ఆ బాలుడు ఒప్పుకొన్నాడో లేదో చెప్పజాలను. "అయితే ఆయన సిపాయీల సంగతి యేమి?" అని మాత్రము అడిగెను.

వారి సంగతి కూడ చెప్పవలసినదే. రేమోన్ పోయిన అయిదు నెలలకు, 1798 సెప్టెంబరు 1వ తేదీన, నిజాము ఇంగ్లీషువారితో క్రొత్త ఒడంబడిక చేసికొనెను. ఫ్రెంచి దండును రద్దుపరచవలెను. రేమోన్ తావున వచ్చిన పిరోన్ అను సేనానికి ఆ దండు లొంగలేదు, జీతము బాకీపడెను. అక్టోబరు నెలలో ఇంగ్లీషు పటాలములు చుట్టు ముట్టి యుండగా సిపాయీలు తమ అధికారులనే బంధించిరి. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్కు, ఆయన సహాయుడు మాల్కము మాటలాడి, బాకీ చెల్లింతుమని నమ్మించిరి. అక్టోబరు 22వ తేదీన కొన్ని గంటలలో పదునాలుగు వేలమంది తుపాకులు నేల పెట్టి వెడలిపోయిరి. ఒక్క ప్రాణము పోలేదు. మూడేండ్ల క్రిందట ఖర్దాలో బారు తప్పక నిలిచినవారిలో బ్రదికియున్నవారు ఆ గుంపులో నుండవలెను. ఆ దినము మొదలు చాలకాలము హైదరాబాదు రాజ్యము కత్తి తన చేతిలో లేదు. గుట్ట మీద నేను చూచిన రాళ్ళలో వారి పేర్లు లేవు.

తరగతి ముగిసిన తరువాత చూడగా నల్లబల్ల మీద ఎవరో ఆ స్తంభము బొమ్మను సుద్దతో గీచి, దాని మీద రెండక్షరములు వ్రాసి, క్రింద చిన్న చిన్న గీతలుగా సిపాయీలను వరుసలుగా నిలిపి యుండిరి. తరువాత గంట లెక్కల పంతులుగారిది, ఆయన తుడిపివేసిరి.

వచ్చు మార్చి 25వ తేదీ మనకు పరీక్షల కాలము. నేను హైదరాబాదు పోజాలను. చిన్న మేనల్లునికి ఉత్తరము వ్రాసితిని. ఆ సాయంకాలము స్టేషనులో దిగి గుట్ట యెక్కెదననియు, గాలికి ఆఱిపోకుండ చిమ్నీ దీపము తీసికొనిపోయెదననియు వాడు జవాబు వ్రాసినాడు. హల్వా పొట్లము మఱొకటి పంపుమని కూడ అడిగినాడు.